తిరుపతి నుంచి తూపిలిపాళెం: జనం లేని సముద్రం దగ్గర ఒక పగలు

మా ఇంట్లో సముద్రం అంటే చాలా ఏళ్ళు మెరీనానే. ఎవరికైనా పిల్లలు పుట్టి నడక నేర్చారంటే చాలు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోవడం, బజ్జీలు తినడం, జనం మధ్య కాళ్ళు తడుపుకొని రావడం. చిత్తూరు జిల్లాకు కొండలున్నాయి, మామిడి తోటలున్నాయి, దేవుళ్ళున్నారు కానీ సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, నెల్లూరు వైపు నుంచి వాకాడు, సూళ్లూరుపేట, తడ లాంటి మండలాలు వచ్చి కలిశాక మన జిల్లా మ్యాపులో తూర్పు అంచు నీలమైంది. ఆ అంచులో వాకాడు మండలంలో ఉంది తూపిలిపాళెం.

తిరుచానూరు పక్కన వానాకాలంలో తప్ప నీళ్ళు కనబడని స్వర్ణముఖి ఉంది కదా, అదే శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు దాటి ఈ సముద్రంలోనే కలుస్తుంది. ఆ లెక్కన అది మన ఏటి సముద్రమే.

ఈ తీరం ప్రశాంతంగా ఉంటుంది. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: కాలు జారితే చూసేవాళ్ళు కూడా ఉండరు. మెరీనాలో గుర్రప్పోలీసు ఉంటాడు, ఈల వేసేవాడుంటాడు, పక్కన పదివేలమంది ఉంటారు. ఇక్కడ మామూలు రోజున మీరు, మీ సామాను, దూరంగా వలలు బాగుచేసుకునే నలుగురు మనుషులు. అందుకే ఇక్కడికి పోవడానికి కాస్త సరంజామా, కాస్త తెలివిడి కావాలి. ఇది దానికోసం రాసింది.

మొదటి పని: రోజు ఎంచుకోవడం

డిసెంబరు చివరి నుంచి మార్చి మధ్య వరకు మంచి కాలం. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి సగం ఈశాన్య రుతుపవనాల కాలం. ఈ తీరానికి వానలో ఎక్కువ భాగం అప్పుడే పడుతుంది, తుపాన్లూ అప్పుడే వస్తాయి. తిరుపతిలో ఎండ కాస్తోంది కదా అని బయలుదేరితే నాయుడుపేట దాటాక ఆకాశం వేరేగా ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వార్తల్లో వినబడితే, అది ఒడిశా వైపు పోతోందన్నా సరే, ఆ వారం వదిలేయండి. ఎక్కడో పుట్టిన గాలి ఇక్కడ అల లేపుతుంది. హైదరాబాదులో ఉండి సముద్ర సమాచారం చూసే ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల హెచ్చరికలు తీరం వారీగా ఇస్తుంది. ముందురోజు రాత్రి ఒకసారి చూసుకోండి. ఫోన్లో రెండు నిమిషాల పని.

వేసవిలో పోకూడదని కాదు. కానీ పడమటి గాలి మధ్యాహ్నం దాకా మన కొండల వేడినే మోసుకొచ్చి ముఖాన కొడుతుంది. సముద్రపు గాలి తిరిగేసరికి పిల్లలు వాడిపోయి ఉంటారు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. చేపల మీద ఆశ ఉంటే ఆ రెండు నెలలూ దండగ.

ప్రశాంతత కావాలనుకునేవాళ్ళు తప్పించుకోవాల్సిన రోజులు కొన్ని ఉన్నాయి. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు ఊళ్ళకు ఊళ్ళే దిగుతాయి. కనుమ, ముక్కనుమ రోజుల్లో ట్రాక్టర్లలో వస్తారు. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు దక్షిణం వైపు పొగ చార చూడ్డానికి తీరమంతా జనం. రాకెట్ చూడాలనుకుంటే అది వేరే ప్రయాణం, ఆ రోజే పెట్టుకోండి. సముద్రం కోసమైతే మామూలు మంగళవారం, బుధవారం మేలు. ఆదివారమే వీలయితే తెల్లారుజామునే చేరుకోవాలి, వేరే దారి లేదు.

పున్నమి, అమావాస్యల చుట్టూ రెండుమూడు రోజులు పోటు ఎక్కువగా ఉంటుంది. మన తీరంలో ఆటుకూ పోటుకూ తేడా మామూలుగా ఒక మీటరు అటూ ఇటూ. పెద్ద తేడా కాదనిపిస్తుంది గానీ, వాలు తక్కువున్న ఇసుకలో ఒక మీటరు లేచిన నీళ్ళు మీ చాపనూ చెప్పులనూ వెతుక్కుంటూ వస్తాయి. రోజుకు రెండు పోట్లు, ఒక్కోటి నిన్నటికన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. పోయినసారి 9కి వచ్చింది కదా అని ఈసారి లెక్కేసుకోవద్దు.

మూట కట్టడం

నేను మొదటిసారి తీసుకుపోయినవాటిలో సగం అక్కరకు రాలేదు, కావలసినవాటిలో సగం ఇంట్లో ఉండిపోయాయి. ఇప్పుడు ఇంటి నుంచి కదిలేవి ఇవి.

నీళ్ళు మనిషికి 3 లీటర్లు తాగడానికి, అది కాక కాళ్ళు కడుక్కోవడానికి ఒక 20 లీటర్ల క్యాన్. తీరంలో మంచినీళ్ళు ఉంటాయన్న లెక్క పెట్టుకోకండి. నెత్తికి టోపీ, పాత కాటన్ చీరలు రెండు. చీర ఎందుకంటే, రెండు సర్వి (సరుగుడు) చెట్లకు కడితే నీడ, కారు తలుపుకు కడితే ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది, తడిస్తే తువ్వాలు. కొన్న గుడారం గాలికి ఎగిరిపోయింది, చీర ఎగరలేదు. చాప ఒకటి. దుప్పటి వద్దు, ఇసుకంతా ఇంటికొస్తుంది.

తర్వాత అందరూ నవ్వే వస్తువు: మూత గట్టిగా బిగించిన ఖాళీ 5 లీటర్ల నూనె క్యాన్, దాని పిడికి కట్టిన 20 మీటర్ల నైలాన్ తాడు. దాని సంగతి నీళ్ళ దగ్గర చెబుతాను.

మందుల డబ్బాలో ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, యాంటిసెప్టిక్, ఒక పాత ఏటీఎం కార్డు. ఒక ఫ్లాస్కులో వేడినీళ్ళు, కాఫీ కోసం కాదు. చిన్న పౌడర్ డబ్బా కూడా వేసుకోండి. ఇంటికి బయలుదేరేముందు పిల్లల కాళ్ళ మీద చల్లి తుడిస్తే ఎంత అంటుకున్న ఇసుకైనా రాలిపోతుంది. డ్రోన్ ఉన్నవాళ్ళు ఇంట్లోనే పెట్టి రండి, పక్కనే శ్రీహరికోట.

తిండి విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. చింతపండు పులిహోర చెడదు, చేత్తో తినొచ్చు, చల్లారాక ఇంకా బాగుంటుంది. కొత్తిమీర, కొబ్బరి వేసినవేవీ వద్దు, ఉక్కపోతకు పులుస్తాయి. దద్దోజనం చేసేటప్పుడు అన్నం మెత్తగా వండి, వేడి మీదే పాలు పోసి మెదిపి, చల్లారాక ఒక్క గరిటె పెరుగు కలపండి. ఉదయం 4కి కలిపింది మధ్యాహ్నం 12కి సరిగ్గా తోడుకొని ఉంటుంది. పెరుగంతా ఇంటి దగ్గరే పోస్తే అక్కడ తెరిచేసరికి పుల్లటి వాసన. ఉడికించిన చెనిక్కాయలు ఒక సంచి. బిర్యానీ ప్యాకెట్లు కట్టించుకొని పోయేవాళ్ళను చూశాను. తినడం ఒక ఎత్తు, ఆ ఎముకల కోసం వచ్చే కుక్కలను తరమడం ఇంకో ఎత్తు.

దారి

తెల్లవారి 4:30కి తిరుపతి దాటండి. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట దాకా జాతీయ రహదారి, ఇబ్బంది లేదు. అక్కడ చెన్నై–కోల్‌కతా హైవే తగులుతుంది. నాయుడుపేట నుంచి తూర్పుకు తిరిగి చిట్టమూరు, మల్లాం వైపు నుంచి వాకాడు చేరుకోవచ్చు. మొత్తం సుమారు 110 కిలోమీటర్లు, రెండున్నర గంటలు పెట్టుకోండి. నాయుడుపేటలోనే పెట్రోలు, ఏటీఎం, మరుగుదొడ్డి పనులన్నీ కానిచ్చుకోవాలి. ముఖ్యంగా మరుగుదొడ్డి. తీరంలో ఆ సౌకర్యం మీద నమ్మకం పెట్టుకుంటే ఆడవాళ్ళకు రోజంతా నరకం.

కారు లేనివాళ్ళు రైల్లో గూడూరు పోయి, అక్కడి నుంచి కోట మీదుగా వాకాడు బస్సు పట్టుకోవచ్చు. వాకాడు నుంచి ఆటో. ఆటో అతనితో తిరుగు ప్రయాణం కూడా అప్పుడే మాట్లాడుకోండి, ఫోన్ నంబరు తీసుకోండి. మధ్యాహ్నం 3కి తీరంలో ఆటో కోసం చూస్తూ నిలబడితే సముద్రం అందం కనిపించదు.

తడ, సూళ్లూరుపేట వైపు పోతే ఇంకా దగ్గర కదా అని కొందరంటారు. అక్కడ మీకు కనిపించేది పులికాట్ సరస్సు. దాని వెనక సముద్రానికి అడ్డంగా శ్రీహరికోట ద్వీపం ఉంది, మామూలు జనానికి అనుమతి లేదు. చలికాలంలో ఫ్లెమింగోలను చూడాలంటే అటే పోవాలి. అలలో కాళ్ళు పెట్టాలంటే మాత్రం ఇటే రావాలి.

వాకాడులో స్వర్ణముఖి మీద బ్యారేజీ ఉంది, ఒక నిమిషం ఆగి చూడొచ్చు. ఇదే మండలంలో దుగరాజపట్నం ఉంది. చరిత్ర పుస్తకాల్లో దాని పేరు ఆర్మగాన్. ఈస్టిండియా కంపెనీవాళ్ళు మద్రాసు కంటే ముందు 1620లలో ఇక్కడ కోఠీ (వ్యాపార స్థావరం) పెట్టుకున్నారు. 1639లో మద్రాసు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు ఇక్కడ పనిచేసినవాడే. మనం సముద్రం చూడ్డానికి ఇన్నాళ్ళూ మెరీనాకు పోయాం, ఆ మద్రాసు కట్టినవాళ్ళేమో ఇక్కడి నుంచి పోయారు.

కారు ఎక్కడ ఆపాలి

తారు రోడ్డు ఎక్కడ ఆగితే అక్కడే కారు కూడా ఆగాలి. ఇంకో యాభై గజాలు పోతే సామాను మోసే పని తప్పుతుంది కదా అని నేనూ అనుకున్నాను. ఇసుక పైకి గట్టిగా, తడిగా కనబడింది. రెండో గేరులో నిమ్మళంగా పోయింది కూడా. బ్రేకు వేసిన చోటే కూరుకుంది. కంగారులో యాక్సిలరేటర్ తొక్కితే చక్రం తిరిగింది, కారు కదల్లేదు, కడుపు ఇసుకకు ఆనింది. అప్పుడు వలల దగ్గరి నుంచి వచ్చిన ఒకాయన నన్ను పక్కకు రమ్మని, ముందు చక్రాల్లో గాలి సగం తీయించాడు. చక్రాల ముందు ఇసుక చేతుల్తో తోడించి, టెంకాయ మట్టలు పరిపించి, స్టీరింగు నేరుగా పెట్టమని చెప్పి, నలుగురు తోశారు. గంట పట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు, పిల్లలకిచ్చిన మురుకులు మాత్రం తీసుకున్నారు. ఆ తగ్గించిన గాలితోనే హైవే ఎక్కకండి, మెల్లగా పోయి మొదటి పంక్చర్ షాపులో నింపించండి.

పడవలు ఒడ్డుకు లాగే దారికి అడ్డంగా కూడా బండి పెట్టొద్దు. అది మీకు బీచ్, వాళ్ళకు పని చేసుకునే చోటు. పరిచిన వల మీద నడవద్దు, పడవలోకెక్కి ఫొటోలు దిగాలంటే అడిగి ఎక్కండి.

నీళ్ళలో దిగేముందు పావుగంట

ఇదొక్కటి తొందరపడకుండా చదవండి.

ఒడ్డున నిలబడి సముద్రాన్ని పావుగంట ఊరికే చూడాలి. అలలు అంతటా ఒకేలా విరగవు. కొన్నిచోట్ల తెల్లటి నురగతో వరసగా విరుగుతుంటాయి. వాటి మధ్య పది, ఇరవై గజాల వెడల్పున ఒక సందు ఉంటుంది. అక్కడ అల విరగదు, నీళ్ళు ముదురు రంగులో, నిమ్మళంగా కనబడతాయి. తిరుపతి నుంచి పోయిన ప్రతి తండ్రీ ఏం చేస్తాడంటే, అలలు లేని చోటు చూసుకొని పిల్లల్ని అక్కడే దింపుతాడు. నేనూ అదే చేయబోయాను. దగ్గర్లో వల అల్లుతున్న పెద్దాయన్ని, ‘ఇక్కడ దిగొచ్చా తాతా?’ అంటే తల ఎత్తకుండానే అన్నాడు: ‘ఆడ తెల్లగా ఇరగతా ఉండాదే, అది మంచిది నాయనా. ఇది నల్లంగా నిమ్మళంగా ఉండాది చూడు, ఇదే ఈడస్తాది.’

ఆయన చెప్పింది రిప్ కరెంట్ గురించి. నీటి అడుగున ఒడ్డుకు సమాంతరంగా ఇసుక దిబ్బలుంటాయి. అలలు ఆ దిబ్బల మీద విరిగి నీళ్ళను ఒడ్డుకు తోస్తాయి. అలా చేరిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా, దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఏరులా లోపలికి పరుగు తీస్తాయి. ఆ సందు లోతుగా ఉంటుంది కాబట్టి అల అక్కడ విరగదు. మనకు అది ప్రశాంతంగా కనబడుతుంది. ఈత వచ్చినవాడు కూడా దానికి ఎదురీది గెలవలేడు.

నమ్మకం కుదరకపోతే ఒక ఎండు టెంకాయ డొక్కను నీళ్ళలో విసిరి చూడండి. అలలు విరిగేచోట వేస్తే పక్కకు కొట్టుకుంటూ మళ్ళీ ఒడ్డుకే వస్తుంది. ఆ నల్లటి సందులో వేస్తే చూస్తుండగానే లోపలికి పోతుంది. మా పిల్లలకు నేను వంద సార్లు చెప్పింది ఎక్కలేదు, డొక్క ఒక్కసారి చెప్పింది ఎక్కింది. ఇసుక దిబ్బలు జరుగుతుంటాయి కాబట్టి సందు కూడా చోటు మారుతుంది. ప్రతిసారీ, ప్రతి పూటా మళ్ళీ చూసుకోవాల్సిందే. ఏరు, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలే దిగొద్దు. ఆటు సమయంలో అక్కడి లాగుడు ఇంకా ఎక్కువ.

పెద్దలకైనా మోకాళ్ళ వరకే. నడుము దాకా పోతామనేవాళ్ళు ఉంటారు. నేను ఒప్పుకోను. పెన్న, స్వర్ణముఖి, ఊరి బావుల్లో నేర్చిన ఈత ఇక్కడ లెక్కకు రాదు. పదేళ్ళలోపు పిల్లవాడి చెయ్యి ఒక పెద్ద చేతిలో ఉండాలి. ఆ పెద్దచేతిలో ఫోన్ ఉండకూడదు.

ఎవరైనా లాగబడితే: కొట్టుకుపోయేవాళ్ళు ఎదురీదకుండా వెల్లకిలా తేలి, ఒక చెయ్యి పైకెత్తాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. పది ఇరవై గజాలు పక్కకు జరిగితే లాగుడు సడలుతుంది, అప్పుడు అలలతోపాటు ఒడ్డుకు రావచ్చు. ఒడ్డున ఉన్నవాళ్ళు దూకకూడదు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అందరూ నవ్విన ఆ నూనె క్యాన్ ఇప్పుడు విసరండి. గాలి నిండిన క్యాన్‌ను గుండెకు హత్తుకుంటే మనిషి తేలతాడు, తాడు మీ చేతిలో ఉంటుంది. మత్స్యకారులను కేకేయండి, 112కు ఫోన్ చేయండి, సముద్రంలో ప్రమాదాలకు కోస్ట్ గార్డ్ నంబరు 1554.

మందు తాగినవాళ్ళు నీళ్ళలో దిగుతుంటే మీరు చాప చుట్టుకొని అర కిలోమీటరు దూరం జరగండి. చెబితే వినరు, దగ్గరుంటే మిమ్మల్నే దూకమంటారు.

కుట్టేవి, గుచ్చేవి

ఒడ్డున జిగురు ముద్దలా పడి ఉన్న జెల్లీఫిష్‌ను, చచ్చిందే అయినా, ముట్టుకోవద్దు. తగిలి మండితే మంచినీళ్ళతో కడగొద్దు, ఇసుకతో రుద్దొద్దు. సముద్రపు నీళ్ళే పోసి, అంటుకున్న పోగులను పాత ఏటీఎం కార్డు అంచుతో, రుద్దకుండా, మెల్లగా ఎత్తి తీసేయాలి. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు పోస్తే నొప్పి తగ్గుతుంది, ఫ్లాస్కు అందుకే. టేకు చేప (స్టింగ్‌రే) ముల్లు గుచ్చుకున్నా వేడినీళ్ళే మొదటి మందు, కానీ ఆ తర్వాత ఆసుపత్రికి పోవాల్సిందే. ఊపిరి ఆడకపోతే 108. లోతు తక్కువ నీళ్ళలో కాళ్ళు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే టేకు ముందే తప్పుకుంటుంది.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఈ తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. పొద్దున్నే ట్రాక్టరు టైరు గుర్తులా ఇసుకలో ఒక జాడ నీళ్ళ నుంచి పైకి పోయి మళ్ళీ దిగి ఉంటే అది ఆమె వచ్చిపోయిన దారి. పక్కన తవ్వి చూడకండి, పిల్లలను తవ్వనివ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది.

పగలు గడపడం

7కి చేరితే 10 వరకు నీళ్ళు, గవ్వలు, ఎండ్రకాయల వెంట పరుగులు. 10 నుంచి 3 దాకా సర్వి తోపు నీడ. ఆ సర్వి ఆకుల్లో గాలి చేసే శబ్దం, అల శబ్దం కలిసిపోయి కాసేపటికి ఏది ఏదో తెలియదు. మా అమ్మ జీవితంలో పగలు నిద్రపోవడం నేను చూసింది అక్కడే. తోపులో పొయ్యి మాత్రం పెట్టకండి, రాలిన ఆకు నిప్పు అందుకుంటే ఆగదు.

చేపలు కావాలంటే ఉదయం పడవలు వచ్చే వేళకే చూసుకోవాలి. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి తేటగా ఉన్నది తీసుకోండి. వంజరం కోసమే పట్టుబట్టకుండా ఆ పూట ఏది పడితే అది, కానాగంతలో నెత్తళ్ళో కొనండి, ధర కలిసొస్తుంది. బేరం మరీ గీచి గీచి ఆడకండి. థర్మకోల్ పెట్టెలో ఐసు ముందే నాయుడుపేటలో వేసుకొని ఉండాలి.

సాయంత్రం దాకా ఉండి సూర్యాస్తమయం చూద్దామని కొందరు కూర్చుంటారు. ఇది తూర్పు తీరం, పొద్దు మీ వెనక తోపులో కుంకుతుంది. సముద్రంలో చూడాల్సింది సూర్యోదయం. అది కావాలంటే తిరుపతిలో రెండున్నరకే లేవాలి. తిరుగు ప్రయాణానికి సాయంత్రం 4 గంటలకల్లా తీరం నుంచి బయలుదేరండి. వాకాడు దాకా రోడ్డు మీద గేదెలు ఇళ్ళకు మళ్ళే వేళ కాకముందే దాటాలి, చీకటిపడ్డాక వాటి వీపులు హెడ్‌లైట్లో కూడా కనబడవు.

కదిలేముందు చెత్తంతా తెచ్చిన సంచిలోకే. అరటి తొక్కలు కూడా. సంచి డిక్కీలో పెట్టుకొని నాయుడుపేటలో పారేయండి. క్యాన్ నీళ్ళతో పెద్దలు, పౌడర్‌తో పిల్లలు కాళ్ళు శుభ్రం చేసుకొని ఎక్కాలి. మరుసటి రోజు కారు అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. చేపలు ఆ రాత్రే శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ పట్టించి పెట్టుకుంటే పొద్దున పులుసు. సీట్ల సందుల్లో ఇసుక మాత్రం ఉగాది దాకా దొరుకుతూనే ఉంటుంది.